ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్ కోర్సు: బెంగళూరులో మనవాళ్లకి తికమక ఎక్కడొస్తోంది

క్లుప్తంగా

ఆన్‌లైన్‌లో డిగ్రీ ఇచ్చే కోర్సులకి ఒక చట్టం ఉంది, ఉత్త సర్టిఫికెట్ ఇచ్చేవాటికి అది వర్తించదు, యాడ్‌లో మాత్రం రెండూ ఒకేలా కనపడతాయి. కోర్సుకి విలువ ఎంతన్నది పరీక్ష ఎవరు పెడుతున్నారు, ఎంత గట్టిగా పెడుతున్నారు అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఈఎంఐలో ఫీజు కడితే చాలాసార్లు అది మన పేరు మీద ఉన్న లోను, చదువు మానేసినా కట్టాల్సిందే. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లు మధ్యలో ఆపేయడానికి ముఖ్య కారణం టైమ్, కాబట్టి పెద్ద ఫీజు కట్టేముందు తక్కువ ఖర్చులో, పరీక్ష ఉన్న కోర్సు ఒకటి చేసి చూసుకోవడం మంచిది.

ఇప్పుడే ఎందుకింత గందరగోళం

మారతహళ్లి, బెళ్లందూరు, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ ఇటువైపు ఉండే తెలుగువాళ్లలో చాలామంది ఈఈఈ, మెకానికల్, సివిల్ లాంటి బ్రాంచుల్లో బీటెక్ చేసి, ఇక్కడికొచ్చి ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో టెస్టింగో జావానో నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లినవాళ్లే. బీకామ్, బీఎస్సీ చేసి బ్యాక్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఇంకో గుంపు, పెళ్లై పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసి మళ్లీ మొదలుపెడదామనుకునే ఆడవాళ్లు మరో గుంపు. బ్యాక్‌లాగ్స్ ఉండిపోయి డిగ్రీ పూర్తికాకుండానే పనిలో చేరిపోయినవాళ్లు కూడా తక్కువేం కాదు, వాళ్లు బయటికి చెప్పుకోరంతే. వీళ్లందరి అవసరాలు వేర్వేరు, కానీ ఫోన్‌లో వచ్చే యాడ్ మాత్రం ఒక్కటే, ఆరు నెలల్లో కెరీర్ మారిపోతుందని.

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ఈ హడావిడి ఇంకా పెరిగింది, మాన్యువల్ టెస్టింగ్, సపోర్ట్ పనులు చేసేవాళ్లకి తమ పని ఎన్నాళ్లుంటుందో అన్న భయం పట్టుకుంది, ఆ భయం ఉన్నచోటికే కోర్సులు అమ్మేవాళ్లు వస్తున్నారు. భయపడటంలో తప్పేం లేదు, అవసరం నిజంగానే ఉంది. ఇబ్బందల్లా ఆ భయంలో ఉన్నప్పుడు లక్షల్లో ఫీజున్న కోర్సుకీ వెయ్యి రూపాయల కోర్సుకీ తేడా ఏంటో కూర్చుని చూసుకునే ఓపిక ఉండకపోవడం.

ఈ చదువు నిన్నమొన్న వచ్చింది కాదు

పనిచేసుకుంటూ దూరం నుంచి చదవడం మన దేశంలో 60 ఏళ్లు దాటిన వ్యవహారం. 1962లో ఢిల్లీ యూనివర్సిటీ కరెస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది, పాఠాలు పోస్టులో వచ్చేవి. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ మాత్రం మన హైదరాబాద్‌లోనే వచ్చింది, 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో, ఇప్పుడు దాన్నే డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. దానికి మొదటి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి, 1985లో ఢిల్లీలో జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో పెట్టినప్పుడు దానికీ మొదటి వీసీ ఆయనే. అంటే గుమాస్తా పని చేసుకునే మనిషి కూడా డిగ్రీ చదవాలన్న ఆలోచన దేశమంతా పాకడంలో తెలుగు నేల నుంచి వెళ్లిన అనుభవం బాగానే ఉంది. ఆదివారం పూట స్టడీ సెంటర్‌కి వెళ్లడం, తెలుగులో అచ్చేసిన పాఠ్యపుస్తకాలు, ఏడాది చివర్లో పరీక్ష, ఇదీ అప్పటి పద్ధతి.

వీడియో పాఠాలు వేరే దారిలో వచ్చాయి. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి, ఉద్దేశం ఇంజనీరింగ్ పాఠాలు అందరికీ ఫ్రీగా దొరకాలని, సర్టిఫికెట్ ఊసు అప్పట్లో లేదు, అది 2014లో వచ్చింది. అమెరికాలో 2012లో కోర్సెరా, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల ప్లాట్‌ఫామ్‌లు వచ్చాయి, మొదట్లో అంతా ఫ్రీ అన్నారు, కొన్నేళ్లు తిరక్కుండానే సర్టిఫికెట్ కావాలంటే డబ్బు కట్టాలన్నారు. హార్వర్డ్, ఎంఐటీ కలిసి పెట్టిన ఎడెక్స్‌ని 2021లో 80 కోట్ల డాలర్లకి టూయూ అనే కంపెనీకి అమ్మేశారు, ఆ టూయూ 2024 జూలైలో దివాలా రక్షణకి వెళ్లింది. ప్లాట్‌ఫామ్ చేతులు మారుతుంది, మూతపడే పరిస్థితి కూడా రావచ్చు, యూనివర్సిటీ ఇచ్చిన డిగ్రీ మాత్రం యూనివర్సిటీ రికార్డుల్లో ఉంటుంది కాబట్టి పదేళ్ల తర్వాత కూడా ఎవరైనా అడిగి చూసుకోవచ్చు, ఈ తేడాని కోర్సు కొనేటప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మన దగ్గర కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ స్వయం 2017 జూలైలో మొదలైంది. 2020 సెప్టెంబర్‌లో, యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ డిస్టెన్స్, ఆన్‌లైన్ కోర్సుల రెండిటికీ కలిపి రూల్స్ తెచ్చింది. 2022 సెప్టెంబర్‌లో, గుర్తింపు ఉన్న సంస్థలో ఈ పద్ధతుల్లో చేసిన డిగ్రీ కాలేజీకి వెళ్లి చేసిన డిగ్రీతో సమానమేనని స్పష్టం చేసింది. ఇప్పుడు ప్రైవేట్ యూనివర్సిటీలన్నీ ఆన్‌లైన్ ఎంబీఏ, ఎంసీఏ అంటూ వరస కట్టడానికి అసలు కారణం ఈ రెండు అడుగులే, కోవిడ్ దానికి తోడైంది.

చేతికొచ్చే కాగితం ఏ రకం

మొదటిది డిగ్రీ. మన దేశంలో డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం ప్రకారం ఏర్పడ్డ యూనివర్సిటీలకీ, డీమ్డ్ యూనివర్సిటీలకీ, పార్లమెంటు చట్టంతో ఆ అధికారం పొందిన ఐఐటీ, ఐఐఎం లాంటి సంస్థలకే ఉంది, 1956 యూజీసీ చట్టం 22వ సెక్షన్‌లో ఉన్నది ఇదే. ఏ ఎడ్‌టెక్ కంపెనీకీ, అంటే ఆన్‌లైన్‌లో కోర్సులు అమ్మే కంపెనీకీ, అది ఎంత పెద్దదైనా, ఆ హక్కు లేదు. కంపెనీ యాప్ ఇవ్వొచ్చు, అడ్మిషన్‌కి ఫోన్లు చేయొచ్చు, పాఠం, పరీక్ష, డిగ్రీ మాత్రం యూనివర్సిటీవే అయ్యుండాలి. తన పేరు అద్దెకిచ్చి చదువంతా కంపెనీ చేతిలో పెట్టే ఫ్రాంచైజీ పద్ధతి కుదరదని యూజీసీ 2022లోనే హెచ్చరించింది.

రెండోది పెద్ద సంస్థ పేరుతో వచ్చే సర్టిఫికెట్. ఐఐటీ, ఐఐఎం ముద్ర ఉంటుంది, ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రామ్ అంటారు, ఆరు నెలలో తొమ్మిది నెలలో, శని ఆదివారాలు క్లాసులు. ఇది దొంగ కాగితం అస్సలు కాదు, కానీ డిగ్రీ కాదు. ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే, ఎందుకంటే ఐఐఎంలో చదివా అని చెప్పుకోవచ్చన్న ఆశ మీదే ఈ కోర్సు అమ్ముడుపోతుంది, అవతల హెచ్ఆర్‌కి మాత్రం రెండేళ్ల ఎంబీఏకీ దీనికీ తేడా బాగా తెలుసు.

మూడోది పరీక్ష రాసి తెచ్చుకునే ఎన్‌పీటెల్, స్వయం సర్టిఫికెట్లు. నాలుగోది కంపెనీ తన సొంత పేరుతో ఇచ్చేది, అందులో మళ్లీ రెండు రకాలు, క్లౌడ్ కంపెనీలు సొంతంగా పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికేషన్లకి మార్కెట్లో విలువ ఉంది, వీడియోలన్నీ చూస్తే చాలు వచ్చేసే పీడీఎఫ్‌కి దాదాపు లేదు.

వీటిని విడదీసుకోవడానికి బిల్లు కూడా కొంత సాయం చేస్తుంది. గుర్తింపు ఉన్న డిగ్రీకి యూనివర్సిటీ తీసుకునే ట్యూషన్ ఫీజు మీద జీఎస్టీ ఉండదు, డిగ్రీ ఇవ్వని షార్ట్ టర్మ్ ఎగ్జిక్యూటివ్ కోర్సులకీ, కంపెనీల కోర్సులకీ 18 శాతం ఉంటుంది. రెండు లక్షల కోర్సు అనుకుంటే 36 వేలు పన్నే, మొత్తం 2 లక్షల 36 వేలు. ఫీజు వివరాల్లో ఈ 18 శాతం కనపడి, అవతల మనిషి మాత్రం డిగ్రీతో సమానం అంటుంటే, వెంటనే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, మరి జీఎస్టీ ఎందుకు వేస్తున్నారని.

డిస్టెన్స్ వేరు, ఆన్‌లైన్ వేరు

మాటల్లో రెండూ ఒకటే అనుకుంటాం గానీ యూజీసీ రూల్స్‌లో ఇవి వేరు వేరు. డిస్టెన్స్ పద్ధతిలో స్టడీ సెంటర్లు ఉంటాయి, రాష్ట్ర యూనివర్సిటీ అయితే తన పరిధి దాటి వెళ్లకూడదు. ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌కి ఆ హద్దు లేదు, బెంగళూరులో కూర్చుని ఏ రాష్ట్రంలో యూనివర్సిటీలోనైనా చేరొచ్చు. ఈ హద్దు దాటితే ఏమవుతుందో కర్ణాటకే చూసింది. మైసూరులో 1996లో పెట్టిన కర్ణాటక రాష్ట్ర ఓపెన్ యూనివర్సిటీ, బయటి సంస్థలతో ఒప్పందాలు పెట్టుకుని రాష్ట్రం బయట కూడా కోర్సులు నడిపిందన్న కారణంతో 2012-13 తర్వాత దానికి గుర్తింపు లేదని యూజీసీ 2015లో ప్రకటించింది, మళ్లీ గుర్తింపు 2018లో గానీ రాలేదు. మధ్యలో చేరిన విద్యార్థులు తమ తప్పేం లేకుండా ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగారు. యూనివర్సిటీ మంచిదే, ప్రభుత్వానిదే, అయినా ఆ కోర్సుకి ఆ ఏడాదికి అనుమతి ఉందా లేదా అన్నది విడిగా చూసుకోవాల్సిన విషయమని ఆ ఉదంతం చెప్తోంది.

సబ్జెక్టుల్లో కూడా కట్టుబాట్లున్నాయి. ఇంజనీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, ఆర్కిటెక్చర్, లా లాంటివి డిస్టెన్స్‌లోనూ ఆన్‌లైన్‌లోనూ ఇవ్వకూడదు. 2001 నుంచి కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు డిస్టెన్స్‌లో ఇచ్చిన బీటెక్‌ల మీద 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు చాలా గట్టి తీర్పు ఇచ్చింది, 2001-05 మధ్య చేరినవాళ్ల డిగ్రీలు సస్పెండ్ చేసి, సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే నిలబడతాయంది, ఆ తర్వాత చేరినవాళ్లవి రద్దయ్యాయి. అప్పటికే ఆ డిగ్రీ చూపించి ప్రమోషన్ తీసుకున్నవాళ్లు ఉన్నారు. సైకాలజీ మీద ఇష్టంతో చేరదామనుకునేవాళ్లు ఇంకోటి గమనించాలి, 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, న్యూట్రిషన్, మైక్రోబయాలజీ లాంటి ఆరోగ్య సంబంధ కోర్సుల్ని ఈ పద్ధతుల్లో ఆపేయమని యూజీసీ చెప్పింది.

ఇంజనీరింగ్ చదివినవాళ్లకి ఇక్కడ ఒక సందేహం వస్తుంది, ఉద్యోగం చేస్తూ ఎంటెక్ చేసినవాళ్లు బెంగళూరులో కనపడుతూనే ఉంటారు కదా అని. అవి వేరే దారిలో నడిచేవి. బిట్స్ పిలానీ 1979 నుంచి కంపెనీల్లో పనిచేసేవాళ్ల కోసం ప్రత్యేకంగా ప్రోగ్రామ్స్ నడుపుతోంది, ఐఐఎస్సీ కూడా ఉద్యోగం చేసేవాళ్ల కోసం ప్రొఫీషియన్స్ అనే కోర్సులు ఏళ్లుగా నడుపుతోంది.

విదేశీ డిగ్రీల సంగతి చూస్తే, ఎడ్‌టెక్ కంపెనీల ద్వారా విదేశీ యూనివర్సిటీలు ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకి గుర్తింపు లేదని 2022 అక్టోబర్‌లోనూ, ఇలా కంపెనీతో జతకట్టి ఇచ్చే విదేశీ డిగ్రీలు, డిప్లొమాల గురించి 2023 డిసెంబర్‌లోనూ యూజీసీ హెచ్చరికలు ఇచ్చింది. పేరు ముందు డాక్టర్ పెట్టుకోవాలన్న కోరికతో మేనేజర్ స్థాయి వాళ్లు ఎక్కువగా వీటి వైపు వెళ్తుంటారు, ఫీజు కూడా అదే స్థాయిలో ఉంటుంది.

2024 నుంచి ఇంకో మెట్టు చేరింది. డిస్టెన్స్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ డిగ్రీకి చేరాలంటే చదువులో వచ్చిన క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అకౌంట్ తెరిచి, దాంతో యూజీసీ డిస్టెన్స్ విభాగం పోర్టల్‌లో డెబ్ ఐడీ అనే నంబర్ తెచ్చుకోవాలి. ఐడీ తీసుకునేది విద్యార్థే, కంపెనీ వాళ్లు కాదు. ఆ పోర్టల్‌లోనే ఏ యూనివర్సిటీకి ఏ కోర్సు, ఏ సెషన్‌కి అనుమతి ఉందో కనపడుతుంది కాబట్టి ఈ మెట్టు చదివేవాళ్లకి మేలే చేసింది. డెబ్ ఐడీ అక్కర్లేదు, మేం చూసుకుంటాం అన్నారంటే ఇక అక్కడ మాట్లాడేది ఏమీ లేదు.

ఫోన్ కాల్‌తో మొదలై ఈఎంఐ దాకా

వెబ్‌సైట్‌లో బ్రోషర్ కోసం నంబర్ ఇస్తే అరగంటలో ఫోన్ వస్తుంది. మాట్లాడేవాళ్ల పేరు కౌన్సెలర్ లేదా అడ్వైజర్, చేసే పని సేల్స్, నెలకింత టార్గెట్ ఉంటుంది. బెంగళూరులో అయితే మనం హలో అనగానే యాస పట్టేసి తెలుగులోకి మారిపోయి, మీది ఏ ఊరు సార్, మాది కూడా అటువైపే అంటూ కలుపుకుంటారు. ఆ తర్వాత ఒక చిన్న ఆన్‌లైన్ టెస్ట్, అందులో దాదాపు అందరికీ మంచి మార్కులు, ఆ మార్కులకి స్కాలర్‌షిప్, ఆ స్కాలర్‌షిప్ ఈరోజు రాత్రి 12 దాకే. ఫీజు లక్షల్లో చెప్తే ఎవరైనా వెనకడుగు వేస్తారు, అందుకే మొత్తం చెప్పరు, నెలకి 9,800 అంటారు, వడ్డీ లేని ఈఎంఐ అంటారు, ఆధార్, పాన్ అడుగుతారు, ఓటీపీ వస్తుంది, చెప్పేస్తారు.

ఆ ఓటీపీతో జరిగింది ఏంటంటే, ఒక ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ దగ్గర మన పేరు మీద పర్సనల్ లోన్ లాంటిది మంజూరైంది. 2 లక్షల 36 వేలకి 24 నెలలు అంటే నెలకి 9,833. వడ్డీ లేకపోవడం అనేది ఉండదు, లోన్ ఇచ్చేవాళ్లు ఆ వడ్డీని ముందే పట్టుకుని మిగిలింది కోర్సు కంపెనీకి ఇస్తారు, కంపెనీ ఆ ఖర్చుని ఫీజులో ముందే కలుపుకుని ఉంటుంది. డబ్బు మొత్తం కంపెనీ చేతికి మొదటి రోజే వెళ్లిపోయింది, మనకి మాత్రం రెండేళ్ల బాకీ మిగిలింది. మూడో నెలలో క్లాసులు నచ్చక ఆపేద్దామనుకుంటే రెండు ఒప్పందాలు అడ్డొస్తాయి, ఒకటి కంపెనీతో, ఇంకోటి లోన్ ఇచ్చినవాళ్లతో. కంపెనీ రీఫండ్ ఇవ్వనంటే అది వాళ్లకీ మీకూ మధ్య గొడవ, మా ఈఎంఐ మాకు కట్టండి అంటారు లోన్ వాళ్లు, ఆపేస్తే సిబిల్ స్కోర్ పడిపోతుంది, రేపు ఇంటి లోనుకి వెళ్తే అది బయటపడుతుంది. క్లాసు బాగోలేకపోతే మానేయొచ్చు అన్న ధీమాతో సంతకం పెట్టినవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే.

దీనికి రిజర్వ్ బ్యాంక్ కొంత రక్షణ పెట్టింది. డిజిటల్ లోన్ ఇచ్చేముందు వడ్డీ, ఖర్చులు, గడువు అన్నీ ఒకే చోట చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, లోన్ తీసుకున్నాక కూలింగ్ ఆఫ్ పీరియడ్ ఇవ్వాలి, అది కనీసం ఒక రోజు, ఆ లోపు అసలూ, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటికి రావచ్చు. అయితే బ్యాచ్ రెండు వారాల తర్వాత మొదలయ్యే పక్షంలో ఈ గడువు వల్ల ఉపయోగం తక్కువ, మొదటి క్లాసు చూడకముందే అది అయిపోతుంది. కాబట్టి సంతకానికి ముందే కంపెనీ రీఫండ్ రూల్‌ని మెయిల్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి, ఫోన్‌లో చెప్పింది తర్వాత ఎవరూ ఒప్పుకోరు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్న మాట కూడా అంతే, ఒప్పందం తెరిచి చూస్తే చాలాచోట్ల అసిస్టెన్స్ అని ఉంటుంది, ఎంత జీతం, ఏ ఊళ్లో, ఎన్ని ఇంటర్వ్యూలకి పంపితే వాళ్ల బాధ్యత తీరినట్టు అన్నది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదు చేసేవాళ్లు తామున్న చోటే, అంటే బెంగళూరులోనే కేసు వేసుకోవచ్చు, కంపెనీ హెడ్ ఆఫీసు ముంబైలో ఉన్నా ఢిల్లీలో ఉన్నా అక్కడిదాకా తిరగక్కర్లేదు.

మొదలుపెట్టినవాళ్లు ఎందుకు ఆపేస్తారు

హార్వర్డ్, ఎంఐటీ ఎడెక్స్‌లో పెట్టిన కోర్సుల మీద 2019లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 2012 నుంచి 2018 దాకా కోటీ 26 లక్షల రిజిస్ట్రేషన్లు చూస్తే, పేరు నమోదు చేసుకున్నవాళ్లలో సగానికి పైగా అసలు కోర్సు తెరిచి కూడా చూడలేదు. 2017-18లో చేరినవాళ్లలో పూర్తిచేసింది 3.13 శాతం. అదే డబ్బు కట్టి సర్టిఫికెట్ దారిలో చేరినవాళ్లని మాత్రమే చూస్తే 46 శాతం. ఈ అంకె చూపించి, ఫీజు కడితేనే చదువుతారు అని సేల్స్ వాళ్లు వాదిస్తారు. కానీ అందులో డబ్బు కట్టింది, పూర్తిచేయాలని ముందే గట్టిగా అనుకున్నవాళ్లు కూడా కావచ్చు, పైగా కట్టినవాళ్లలో కూడా సగానికి పైగా ఆగిపోయారు. రెండు లక్షలు కడితే రెండు వేలు కట్టినదానికంటే వంద రెట్లు పట్టుదల వస్తుందని ఈ అంకెల్లో ఎక్కడా లేదు.

పూర్తిచేయించేది ఎక్కువగా గడువులూ, పరీక్షలూ. ఎన్‌పీటెల్‌నే దగ్గరగా చూద్దాం. 12 వారాల కోర్సు అనుకుంటే వారానికి రెండున్నర మూడు గంటల వీడియో, ఒక అసైన్‌మెంట్, దానికి ఒక గడువు. 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 లెక్కలోకి తీసుకుంటారు, అవి 25 మార్కులు, చివర్లో సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్ష 75 మార్కులు. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రెండూ వస్తేనే సర్టిఫికెట్, ఒకటి వచ్చి ఒకటి రాకపోతే లేదు. ఈ లెక్క ఉద్యోగస్తులకి బాగా సరిపోతుంది, రిలీజ్ ఉన్న వారం, ఊరెళ్లిన వారం, జ్వరం వచ్చిన వారం ఇలా నాలుగు వారాలు పోయినా మార్కులు పోవు, కానీ పరీక్షకి ఎదురుగా ఇన్విజిలేటర్ ఉంటారు కాబట్టి ఇంకొకళ్లతో రాయించుకోవడం కుదరదు. పాఠాలు ఫ్రీ, పరీక్ష ఫీజు చాలాకాలంగా కోర్సుకి 1000 రూపాయలు.

మద్రాస్ ఐఐటీ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ ప్రోగ్రామ్ ఇదే సూత్రాన్ని డిగ్రీ దాకా తీసుకెళ్లింది. జేఈఈ అక్కర్లేదు, వయసు పరిమితి లేదు, నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ పరీక్ష పాసైతే సీటు. వారం వారం అసైన్‌మెంట్లు చేయకపోతే పరీక్షకే కూర్చోనివ్వరు, పరీక్షలు బెంగళూరులాంటి ఊళ్లలో సెంటర్‌కి వెళ్లి రాయాలి. ఫౌండేషన్, డిప్లొమా, బీఎస్సీ, బీఎస్ ఇలా మెట్టు మెట్టుకీ ఆగి కాగితం తీసుకుని బయటికి రావచ్చు. చేరడం తేలిక, గట్టెక్కడం కష్టం, పెద్దవాళ్ల చదువుకి ఇంతకంటే న్యాయమైన పద్ధతి ఇంకోటి కనపడదు, ఎందుకంటే ఇంటర్‌లో ఎన్ని మార్కులొచ్చాయో ఇక్కడ అడగరు, ఇప్పుడు చదవగలవా లేదా అన్నదే చూస్తారు.

మిగతా కారణాలు బెంగళూరులో ఉండే అందరికీ తెలిసినవే. సిల్క్ బోర్డు, ఔటర్ రింగ్ రోడ్డులో పోయే గంటలు, రాత్రి పదింటికి యూఎస్ కాల్స్, శనివారం రాత్రి మడివాళ్ల దగ్గర బస్సెక్కి కడపో నెల్లూరో వెళ్లొచ్చే ప్రయాణాలు. జూలైలో మొదలైన 12 వారాల కోర్సుకి సరిగ్గా చివరి వారాల్లో దసరా, దీపావళి వస్తాయి. జనవరిలో మొదలైన కోర్సుకి మార్చి నెలాఖరు ఆఫీసు పని, ఉగాది అడ్డమొస్తాయి. చేరేముందు క్యాలెండర్ తీసి పరీక్ష తేదీ, ఊళ్లో పెళ్లిళ్లు, ప్రాజెక్ట్ గడువులు పక్కపక్కన పెట్టుకుని చూసుకునేవాళ్లు బహు తక్కువ, ఆపేసిన కోర్సుల్లో సగం కథ ఆ క్యాలెండర్‌లోనే కనపడుతుంది. ఆడవాళ్లకైతే వారానికి ఐదారు గంటలు దొరకడం అనేది ఇంట్లో ఇంకొకళ్లు పిల్లల్ని చూసుకోవడం మీద ఆధారపడి ఉంటుంది, లైవ్ క్లాసులు సాయంత్రం ఏడింటికి పెట్టే కోర్సులు వాళ్లకి పనికిరావు, రికార్డింగ్ ఉంటేనే కుదురుతుంది.

భాష సంగతి కూడా ఉంది. తెలుగు మీడియంలో చదివొచ్చినవాళ్లకి సబ్జెక్ట్ కష్టం కాకపోయినా వేగంగా సాగే ఇంగ్లిష్ ఉపన్యాసం కష్టం. ఎన్‌పీటెల్ కొన్ని కోర్సులకి తెలుగుతో సహా భారతీయ భాషల్లో అనువాదాలు పెట్టింది, వేగం తగ్గించుకుని, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసే వీలు కూడా ఉంది. లైవ్ క్లాసుల కంటే రికార్డ్ చేసిన పాఠాలే వీళ్లకి మేలు.

ఉద్యోగంలో ఏ కాగితం ఎక్కడ చెల్లుతుంది

సర్కారు ఉద్యోగం, ప్రమోషన్, ఇంకా పైచదువు అంటే డిగ్రీనే చూస్తారు, అది కూడా వరస క్రమంలో ఉండాలి. మొదటి డిగ్రీ లేకుండా ఓపెన్ పద్ధతిలో నేరుగా తెచ్చుకున్న పీజీ చెల్లదని 2009లో అన్నామలై యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనవాళ్లలో ఒక తరం అన్నామలైలో డిస్టెన్స్ డిగ్రీలు చేసింది కాబట్టి ఈ తీర్పు గుర్తున్నవాళ్లు ఉంటారు.

ప్రైవేట్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పద్ధతి వేరు. డిగ్రీని బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఏజెన్సీ నేరుగా యూనివర్సిటీతో సరిచూసుకుంటుంది, గుర్తింపు లేని డిగ్రీ పెట్టి దొరికితే ఆఫర్ వెనక్కి పోవడమే కాదు, అబద్ధం చెప్పారన్న ముద్ర పడుతుంది. సర్టిఫికెట్ విషయంలో ఇంత పట్టింపు లేదు, రెజ్యుమెలో ఒక లైను, ఇంటర్వ్యూలో దాని మీద రెండు ప్రశ్నలు, చెప్పగలిగితే ప్లస్, తడబడితే లేకపోవడమే నయం. బయట కొత్త ఉద్యోగం వెతుక్కోవడం కంటే ఉన్న కంపెనీలోనే వేరే టీమ్‌లోకి మారేటప్పుడు ఈ సర్టిఫికెట్లు ఎక్కువ పనిచేస్తాయి, ఎందుకంటే మనిషి పని ఎలాంటిదో మేనేజర్‌కి ముందే తెలుసు, నేర్చుకున్నానని చూపించడానికి ఒక ఆధారం చాలు. చాలా కంపెనీల్లో కోర్సు ఫీజు తిరిగిచ్చే పాలసీ కూడా ఉంటుంది, హెచ్ఆర్‌ని ఒక్క మెయిల్ అడిగితే తేలిపోయే విషయం, అడక్కుండా సొంత జేబు నుంచి కట్టేస్తుంటారు.

ఎవరికి ఏ దారి

టెస్టింగ్‌లో ఐదారేళ్లు చేసి డేటా వైపో క్లౌడ్ వైపో వెళ్దామనుకునే మనిషికి ఇంకో డిగ్రీ అవసరం చాలా తక్కువ, ఒక ఎన్‌పీటెల్ కోర్సు, పనిలో వాడే క్లౌడ్‌కి సంబంధించిన సర్టిఫికేషన్, ఆఫీసులో ఆ పని అడిగి తెచ్చుకోవడం, ఈ మూడింటికీ అయ్యే ఖర్చు పెద్ద కోర్సు జీఎస్టీ కంటే తక్కువలోనే అయిపోవచ్చు. బీకామ్ చేసి బ్యాక్ ఆఫీసులో ఉన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లకి పోస్టుగ్రాడ్యుయేషన్ లేకపోతే కొన్ని పోస్టులకి అప్లై కూడా చేయలేరు కాబట్టి అనుమతి ఉన్న ఎంబీఏనో ఎంసీఏనో నిజంగా పనికొస్తుంది, అక్కడ యాప్ ఎంత బాగుందన్నది పక్కనపెట్టి అనుమతి, ఫీజు, పరీక్ష పద్ధతి చూడాలి.

పెద్ద సంస్థ ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రామ్ ఎవరికీ వద్దని కాదు. పదిహేనేళ్ల అనుభవం ఉండి, ఫీజు కంపెనీయే కట్టి, తోటి విద్యార్థుల పరిచయాలు కావాలనుకునే మేనేజర్‌కి అది సరైనదే. నలభై వేల జీతంతో, పీజీ హాస్టల్లో ఉంటూ, ఇంటికి డబ్బు పంపుతూ, లోన్ తీసుకుని అదే కోర్సు చేసేవాళ్లకి మాత్రం అది తూగదు.

డిగ్రీ మధ్యలో ఆగిపోయినవాళ్లది అన్నిటికంటే అవసరమైన పని, వాళ్ల కోసం యాడ్స్ తక్కువ వస్తాయి, ఎందుకంటే అందులో లాభం తక్కువ. ఇగ్నోకి బెంగళూరులో రీజినల్ సెంటర్ ఉంది, ఏడాదికి రెండుసార్లు, జనవరి, జూలై సెషన్లకి అడ్మిషన్లు తీసుకుంటుంది. కావాల్సినవి ఇంటర్ మెమో, ఫోటో, సంతకం స్కాన్, అకడమిక్ బ్యాంక్ ఐడీ, డెబ్ ఐడీ. ఆధార్‌లో పేరు, ఇంటర్ మెమోలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి, మనవాళ్లకి ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట పూర్తిగా ఉండి ఐడీ దగ్గరే ఆగిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి, అడ్మిషన్ నోటిఫికేషన్ రాకముందే ఆధార్ సరిచేయించుకుంటే ఒక సెషన్ పోకుండా ఉంటుంది.